పంపు ఇంకా మోగలేదు

ఉప్పు వేశానా లేదా, వేసే ఉంటాను, డబ్బా మూత తీసి ఉంది మరి, మూత తీసి ఉన్నంత మాత్రాన వేసినట్టేనా, ఈ ఇంట్లో మరుపు కూడా జలుబులాగా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటోందేమో అని ఒక్కోసారి భయం వేస్తుంది, గరిటెతో ఒక గింజ తీసి ఊదుకుని నోట్లో వేసుకున్నాను, ఉప్పు ఉంది, హమ్మయ్య, చిక్కుడు గింజలు ఇంకాసేపట్లో మెత్తబడతాయి, పంది కాలి ముక్క ఎముకని వదిలేస్తోంది, మొక్కజొన్న పిండి మజ్జిగలో కలిపి రొట్టెకి సిద్ధంగా పెట్టాను, ముందు గదిలో టీవీ మోగుతోంది, వాతావరణం చెప్పే పిల్ల పటం మీద నీలం రంగుని పైనుంచి కిందికి చేత్తో దువ్వుతూ ఉండి ఉంటుంది, ఆ నీలం మా గ్రాన్‌బరీ ఊరి మీదికి ఎప్పుడో వచ్చి కూర్చుంది తల్లీ, నువ్వు కొత్తగా చెప్పేదేంటి, మధ్యాహ్నం కిటికీలన్నీ తెరిచి పొట్టి చేతుల చొక్కాతో తిరిగాను, మూడింటికి గాలి ఒక్కసారిగా ఆగిపోయింది, వీధి కుక్కలు ఊరుకున్నాయి, ఉత్తరాన ఆకాశం సిరా ఒలికినట్టయింది, ఆ వెంటనే నార్దర్ వచ్చి మీద పడింది, చెత్తడబ్బా మూత వీధి చివరిదాకా దొర్లుకుంటూ పోయింది, టెక్సస్‌లో పుట్టి టెక్సస్‌లోనే జుట్టు నెరిసినదాన్ని, ఈ ఉత్తరపు గాలి నాకు కొత్త కాదు, అయినా అది వచ్చిన ప్రతిసారీ ఎవరో తలుపు తట్టకుండా ఇంట్లోకి వచ్చినట్టే ఉంటుంది.

కిటికీ అవతల వసారా స్తంభానికి కోడిపుంజు బొమ్మ ఉన్న రేకు థర్మామీటరు ఉంది, దాణా కొట్టువాడు ఎప్పుడో ఊరికే ఇచ్చింది, దాని ముల్లు ఫారెన్‌హీట్‌లో నలభై నాలుగు మీద ఉంది, ఇంకొంచెం దిగి ముప్పై ఎనిమిదికి వస్తే వెనక స్విమ్మింగ్ పూల్ పంపు దానంతట అదే మోగాలి, ఎవరూ లేవక్కర్లేదు, ఎవరూ చెప్పులు వెతుక్కోనక్కర్లేదు, ఎవరూ చలిలోకి వెళ్ళక్కర్లేదు, అందుకే కదా పంపుకి ఆ కొత్త పెట్టె పెట్టించింది, నీళ్ళు ముప్పై రెండుకి గడ్డకడతాయి మేడమ్, మనం ముప్పై ఎనిమిదికే నిద్ర లేస్తాం, అన్నాడు కార్డెల్, మంగళవారం వచ్చి దాన్ని బిగించి వెళ్ళినవాడు, బొజ్జ, ఎర్రమీసం, పనిచేస్తున్నంతసేపూ చర్చి పాటలు అపస్వరంలో పాడతాడు, గొట్టాల్లో నీళ్ళు కదులుతున్నంతసేపూ గడ్డకట్టవు, నిలబడితేనే గడ్డకట్టి గొట్టాన్ని చీల్చేస్తాయి, ఇది ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు, పై రాష్ట్రాల నుంచి కొత్తగా వచ్చినవాళ్ళే మేమేదో పెద్ద చలి చూసినవాళ్ళం అన్నట్టు పంపు కట్టేసి పడుకుంటారు, వాళ్ళ ఊళ్ళో పూల్‌ని శీతాకాలమంతా మూసి పెడతారట, ఇక్కడ మూయం, కదిలిస్తూ ఉంటాం, అదొక్కటే మా మందు.

మా ఆయన హాలిస్ ఆ రోజంతా కార్డెల్ వెనకాలే నిలబడ్డాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని, మేస్త్రీలాగా, ఇది చలిని ఎలా కనిపెడుతుందంట, అని అడిగాడు, ఇదిగో సర్, ఈ సెన్సార్, అని కార్డెల్ కలం మూతంత నల్లటి ముక్కని తీగ చివర పట్టుకుని చూపించాడు, దీన్ని ఉత్తరం గోడకి వేలాడదీస్తా, ఎండ తగలని చోట, దీనికి చలేస్తే పెట్టెకి చెబుతుంది, పెట్టె పంపుని లేపుతుంది, ఓహో, ఈ ఇంట్లో ఆ కొలువు ఇన్నేళ్ళూ నాది కదా కుర్రాడా, మరి నన్ను తీసేసినట్టేనా, అన్నాడు హాలిస్, తీసెయ్యడం కాదు సర్, విశ్రాంతి, అన్నాడు కార్డెల్, వాడికీ యాభై దాటాయి, హాలిస్‌కి మాత్రం అందరూ కుర్రాళ్ళే, పించను ఇస్తారా, పోనీ చేతి గడియారమైనా, మా కౌంటీ వాళ్ళు గడియారం ఇచ్చారు, అది రెండో నెలకే ఆగిపోయిందనుకో, అన్నాడు హాలిస్, ముగ్గురం నవ్వాం, చూశావా ఎంత చక్కగా మాట్లాడుతున్నాడో అని నాకు లోపల పొంగిపోయింది, ఇలాంటి రోజు ఒకటి దొరికితే నెల రోజుల భయం మరిచిపోతాను, కార్డెల్ వెళ్ళిపోయాక గోడ దగ్గర నిలబడి ఆ నల్ల ముక్కని వేలితో తాకుతూ ఇదేంటి పిల్లా, ఎవరు వదిలేసి పోయారు, అని అడిగాడు, చెప్పాను, భోజనాల దగ్గర మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను, పడుకోబోయే ముందు మళ్ళీ అడిగితే, ఉదయం వాళ్ళే వచ్చి తీసుకెళతార్లే, అన్నాను, తప్పు చెప్పినా నిజం చెప్పినా ఒకటే అయినప్పుడు చిన్నది చెబుతాను.

చలి అంటే హాలిస్‌కి ఉద్యోగం, కౌంటీ రోడ్ల శాఖలో ఇసుక లారీ నడిపాడు, నేల కన్నా ముందు వంతెనలు గడ్డకడతాయి, కింద గాలి ఆడుతుంది కదా, బ్రాజోస్ నది మీది వంతెన అన్నిటికన్నా ముందు, దాని మీద బండ్లు జారిపోకుండా తెల్లవారేలోపు ఇసుక చల్లాలి, ఆఫీసు నుంచి ఫోన్ రాకముందే లేచి కూర్చునేవాడు, ఎముకల్లో ఏదో గంట మోగుతుందనేవాడు, నారింజ రంగు కోటు తొడుక్కుని వెనక్కి వెళ్ళి పూల్ పంపు వేసి, వచ్చి నా నుదుటి మీద ముద్దు పెట్టి, నువ్వు పడుకో పిల్లా, ఊరిని నేను చూసుకుంటా, అనేవాడు, నేను దుప్పట్లోంచి వంతెన మీద నెమ్మది, అనేదాన్ని, పెళ్ళయిన కొత్తలో భయంతో అనేదాన్ని, తర్వాత అలవాటుగా, మంచు తుఫానుకి రోజుల తరబడి కరెంటు పోయిన ఆ ఫిబ్రవరిలో, అప్పటికి హాలిస్ ఉద్యోగం మానేసి ఏళ్ళయింది, అయినా పానా పట్టుకుని వెళ్ళి పంపు అడుగు మరలు విప్పి గొట్టాల్లో నీళ్ళన్నీ వదిలేశాడు, కరెంటు లేకపోతే పంపు తిరగదు, తిరగకపోతే ఖాళీ చెయ్యాలి, అంతే, మాది అయ్యాక ఎవరూ అడక్కుండానే ఇల్లిల్లూ తిరిగి వీధిలో అందరివీ విప్పాడు, ఊరంతా గొట్టాలు పగిలాయి, మా వీధిలో ఒక్కటి పగల్లేదు, ఆ వేసవంతా ఎవరో ఒకరు మా గుమ్మంలో బీరు సీసాల పెట్టె పెట్టిపోయేవాళ్ళు, మేం బాప్టిస్టులం, తాగం, అందుకని హాలిస్ గ్యారేజీలో కూర్చుని తాగాడు, పాస్టరుగారు వచ్చి అదే గ్యారేజీలో తనూ ఒకటి తాగి వెళ్ళారు, అలాంటి మనిషి, నా మొగుడు, ఊరిని చూసుకున్న మనిషి.

ఆ మనిషేనా డిసెంబరులో, తలచుకోను అనుకుంటాను, గింజలు కలుపుతూ ఉంటే అదే వచ్చి కళ్ళ ముందు నిలబడుతుంది, కాఫీ వేళకి లేచి చూస్తే పక్క ఖాళీ, వెనక తలుపు బార్లా తెరిచి ఉంది, పంపు చప్పుడు లేదు, గ్యారేజీ వెనకకి పరుగెత్తాను, మేజోళ్ళతో నిలబడి ఉన్నాడు, గడ్డి మీద మంచు తెల్లగా ఉంది, రెండు చేతులతో ఫిల్టరు మీది ఇనుప బిగింపు పట్టుకుని ఉన్నాడు, స్విచ్చి కళ్ళ ఎదురుగానే ఉంది, ముక్కు ముందు, దాని వైపు చూస్తున్నాడు, అది ఏమిటో తెలియనట్టు చూస్తున్నాడు, లారీ ఇంకా రాలేదు పిల్లా, అన్నాడు, ఎంతసేపు నిలబడ్డాడో, వేళ్ళు మైనంలా తెల్లబడిపోయాయి, వాటిని నా చంకల్లో పెట్టుకుని ఇంట్లోకి నడిపించాను, తర్వాత బొబ్బలెక్కాయి, మా అమ్మాయి జెరిలిన్ అడిగితే వేడి పెనం గుడ్డ లేకుండా పట్టుకున్నాడమ్మా, తొందరెక్కువ కదా మీ నాన్నకి, అన్నాను, చర్చిలో అడిగినవాళ్ళకీ ఆ పెనమే చూపించాను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు, వేళ్ళు చూసి ఊరుకుంటాడా, ఇవాళ ఏ వారం అంటాడు, గడియారం బొమ్మ గీసి పదీ పది చూపించమంటాడు, హాలిస్ కాగితం వైపు చూసి నా వైపు చూస్తాడు, ఆ చూపు నేను చూడలేను.

జెరిలిన్ ఇల్లు ఊరికి ఆ చివర, కారులో పాట ఒకటి అయ్యేలోపు వచ్చేస్తుంది, అదే నా కష్టం, దూరంలో ఉన్నవాళ్ళకి అబద్ధం చెప్పడం తేలిక, ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళతో కలిసి చేపల హోటల్‌కి వెళతాం, జెరిలిన్, వాళ్ళాయన, మనవలు, నేను హాలిస్‌ని గోడ వైపు కూర్చోబెట్టి పక్కన నేను కూర్చుంటాను, వడ్డించే పిల్ల నోరు తెరిచేలోపు, ఆయనకి క్యాట్‌ఫిష్, వేయించిన బెండకాయ, నాకూ అదే, అనేస్తాను, హాలిస్ ఏదైనా చెప్పడం మొదలుపెడతాడు, మధ్యలో ఆగుతాడు, మాట కోసం గాల్లో చేయి తిప్పుతాడు, ఇంత కాపురంలో అతని కథలన్నీ నాకు కంఠతా వచ్చు, ఎక్కడ ఆగినా నేను అందుకుంటాను, అమ్మా, నాన్నని ఒక్క ముక్కైనా మాట్లాడనివ్వవా, నీ నోరు ఊరుకోదు కదా, అంటుంది జెరిలిన్, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను, గయ్యాళి పెళ్ళామని పేరొస్తే రానీ, ఆ పేరు చాటున ఎంతైనా దాచుకోవచ్చు, చెబితే ఏమవుతుందో నాకు తెలుసు, ముందు కారు తాళాలు తీసుకుంటుంది, తర్వాత ఆసుపత్రి వెనక మతిమరుపు ముసలివాళ్ళని ఉంచే ఆ కొత్త భవనం గురించి మెల్లగా ఎత్తుతుంది, తోట బావుంటుందమ్మా, సంగీతం పెడతారమ్మా, అంటుంది, ఆ తలుపులకి అంకెలు నొక్కితేనే దారి, లోపలివాళ్ళకి ఆ అంకెలు చెప్పరు, నేను ఒప్పుకోను, ఈ ఇంట్లో నేనుండగా ఒప్పుకోను, పైగా అతనికి తెలియదు, తనకేమవుతోందో తనకి తెలియదు, దేవుడు ఆ ఒక్క దయ చూపించాడు, నేను నోరు జారనంతవరకూ తెలియదు.

ఇందాక గాలి మొదలవగానే ఫోన్ చేసింది, అమ్మా కొత్త పెట్టె పనిచేస్తోందా, నాన్న ఏం చేస్తున్నాడు, అని, పనిచేస్తుందిలే, మీ నాన్న కుర్చీలో వాలి గురక పెడుతున్నాడు, గుండ్రాయిలా ఉన్నాడు, మీ నాన్నకేం, అన్నాను, నిజంగా పనిచేస్తుందా అమ్మా, నాన్న లేచి బయటికి వెళ్ళే పని లేదుగా, అంది, ఆ గొంతులో ఏదో ఉంది, కందకి లేని దురద కత్తిపీటకెందుకే, పిల్లలకి సాక్సులు తొడిగి బయటి కుళాయిలకి గుడ్డలు చుట్టుకో పో, అని పెట్టేశాను, పెట్టేశాక చాలాసేపు ఫోన్ పట్టుకునే ఉన్నాను, ఏదో ఉంది ఆ గొంతులో, ఏం లేదు, చలికి గొంతు బొంగురుపోయి ఉంటుంది.

ముల్లు ముప్పై ఎనిమిది దాటింది, దాటి ముప్పై ఆరు, పంపు మోగలేదు, వంటింట్లో కుళాయి సన్నగా వదిలాను, చుక్క చుక్క పడుతోంది, ఆ చప్పుడు వల్ల వినిపించడం లేదేమో అని కట్టేసి విన్నాను, గాలి, టీవీ, గింజలు ఉడికే చప్పుడు, పంపు లేదు, చూస్తుండగానే ముప్పై ఒకటి, కార్డెల్ నా ఫోన్‌లో కూడా ఆ పెట్టె చెప్పే అంకె కనిపించేలా చేసి వెళ్ళాడు, చూశాను, అరవై ఒకటి అంది, బయట అరవై ఒకటట, హాయిగా ఉందట, కిటికీలోంచి కోడిపుంజు ముప్పై ఒకటి అంటోంది, చేతిలో ఫోన్ అరవై ఒకటి అంటోంది, నేను ఎవరిని నమ్మానంటే, చెప్పుకోవడానికి సిగ్గు, కాసేపు ఫోన్‌నే నమ్మాను, రేకు ముక్క, పాతది, ఎండకీ వానకీ మాడింది, దానికేం తెలుసు, కొత్తది కదా ఇది, అంత బాగుందని చెబుతుంటే కాదనడానికి మనసు రాలేదు, తీగ మీద మరిచిపోయిన తడి తుండుగుడ్డ గాలికి ఎగరడం మానేసి అట్టముక్కలా నిలబడింది, అది చూశాక ఇక ఫోన్‌ని నమ్మలేకపోయాను.

కార్డెల్‌కి ఫోన్ చేశాను, పంపు మోగలేదయ్యా, పెట్టె అరవై ఒకటి అంటోంది, అన్నాను, అరవై ఒకటా, అంటే సెన్సార్‌కి ఎక్కడో వెచ్చగా తగులుతోంది మేడమ్, బట్టలారబెట్టే యంత్రం నడుస్తోందా, దాని గాలి గోడలోంచి వస్తోందేమో, సర్ ఏమైనా దాని మీద కప్పారా, చాలామంది అలవాటుగా దుప్పట్లు కప్పేస్తారు, అన్నాడు, లేదు లేదు, ఆయన పడుకున్నాడు, అన్నాను, ఎంత వేగంగా అన్నానో, మాట వాడి నోట్లోంచి పూర్తిగా రానేలేదు, అన్నాక ముందు గది వైపు తొంగిచూశాను, పడక కుర్చీ వెనక్కి వాలే ఉంది, దాంట్లో దిండు ఉంది, హాలిస్ లేడు, టీవీలో పిల్ల ఇంకా నీలాన్ని దువ్వుతూనే ఉంది, కొక్కేనికి నారింజ కోటు లేదు, మా పడకగది మంచం మీద అత్తగారు కుట్టిన బొంత లేదు, ఒక్క నిమిషం కార్డెల్, ఉండు, అంటూ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, చెప్పులు ఏ కాలివి ఏ కాలికి వేసుకున్నానో, వెనక తలుపు తోశాను, గాలి తలుపుని నా చేతిలోంచి లాగేసుకుంది.

ముందు వాసన వచ్చింది, గుడ్డ మాడే వాసన, ఇస్త్రీ పెట్టె మరిచిపోతే వచ్చేది, గ్యారేజీ మూల తిరిగేసరికి పంపు లేదు, ఫిల్టరు లేదు, పెట్టె లేదు, ఒక పెద్ద బొంత మూట ఉంది, చుట్టూ తాడు, లారీలో ఇసుక మీద టార్పాలిన్‌కి కట్టే ముడులు, ఎంత అందంగా కట్టాడో, వేళ్ళకి ఇంకా గుర్తుంది, వేళ్ళు మరిచిపోలేదు, బొంత కిందనుంచి ఎర్రటి వెలుగు, కోళ్ళ గూట్లో పెట్టే వేడి దీపం, ఎక్కడినుంచి తవ్వి తీశాడో, నేను ఫోన్ జేబులో పడేసి వైరు పట్టి లాగేశాను, వెలుగు ఆరింది, బొంత అంచు అరచేతంత మేర గోధుమరంగుకి మాడి ఉంది, ఇంకొంచెం ఆలస్యమైతే ఇల్లే అంటుకునేది, అవన్నీ మా నాయనమ్మల కాలం నుంచి చేసేవే, బావి మోటారుకి దుప్పటి కప్పి కింద దీపం పెట్టడం, ఈ దేశంలో ప్రతి మగవాడికీ తెలిసిన వైద్యం, తప్పేం లేదు, కొత్త పెట్టె ఉందని గుర్తులేదు, అంతే, ఆ మూటకి ఆనుకునే, నల్ల ముక్క ఉన్న చోట గోడకి నారింజ కోటు ఉంది, చేతులు రెండూ దాని చుట్టూ చుట్టి ముందుకి ముడివేసి ఉన్నాయి, చంటిపిల్లని పొత్తిళ్ళలో పెట్టినట్టు, పక్కన హాలిస్ ఒట్టి చొక్కాతో నిలబడి ఉన్నాడు, పెదాలు నీలంగా ఉన్నాయి, నన్ను చూసి నవ్వాడు.

ఏం చేస్తున్నావు హాలిస్, దేవుడా, ఆ కోటేంటి, నీ ఒంటి మీద ఏముంది, అని అరిచాను, గాలికి అరవాలి, కోపానికి కూడా అరిచాను, అరవకే, లేస్తుంది, అన్నాడు మెల్లగా, ఏం లేస్తుంది, ఇదే, ఒక్కటే వేలాడుతోంది పిల్లా, గాలికి వణుకుతోంది, ఎవరు వదిలేసి పోయారో పాపం, కోటు కప్పా, ఇప్పుడు బాగుంది చూడు, అన్నాడు, నాకు ఏడుపు వచ్చిందో నవ్వు వచ్చిందో తెలియదు, మరి నీకు చలెయ్యట్లేదా, అన్నాను, నాకేం, నాకు అలవాటేగా, అన్నాడు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, నేను కోటు ముడి విప్పాను, వద్దే, దానికి చలేస్తుంది, అని నా చేయి పట్టుకున్నాడు, దానికి చలెయ్యాలి హాలిస్, చలేస్తేనే చెబుతుంది, కప్పితే చెప్పదు, అన్నాను, కోటు అతని భుజాల మీద వేసి చేతులు ఒక్కొక్కటే తొడిగి గొంతు దాకా బొత్తాలు పెట్టాను, దీపం వేడితో లోపల ఇంకా వెచ్చగా ఉంది, అబ్బా, అని కళ్ళు మూసుకున్నాడు, బొంత తాళ్ళు విప్పడం నా వల్ల కాలేదు, అతనే విప్పాడు, ఒక్కో కొస లాగితే చాలు, పెట్టె బయటపడింది, దాని అంకె మా ఇద్దరి ముందూ దిగుతోంది, యాభైలు, నలభైలు, నల్ల ముక్క గాలిలో ఊగుతోంది, ముప్పై ఎనిమిది, లోపల ఎక్కడో టక్కుమంది, పంపు గొంతు సవరించుకుని మోగింది, పూల్ మీద గోడ వారగా చేరిన ఎండుటాకులు మెల్లగా చెదిరాయి, నీళ్ళు కదిలాయి.

మేడమ్, మేడమ్, ఏమైంది, బట్టల యంత్రం గాలేనా, అని కార్డెల్ గొంతు నా జేబులోంచి వస్తోంది, ఫోన్ పెట్టెయ్యలేదని అప్పుడు తెలిసింది, అవును, యంత్రం గాలే, సరిచేశాను, అందామని నోటిదాకా వచ్చింది, ఎంత నున్నగా వచ్చిందో, గుండ్రాయిలా ఉన్నాడు అన్నంత నున్నగా, వేడి పెనం అన్నంత నున్నగా, నేను కప్పినవన్నీ అంతే, అందరి ఫోన్లలోనూ అరవై ఒకటి చూపించాను, జెరిలిన్‌కి, చర్చికి, డాక్టరుకి, హాయిగా ఉంది, రావక్కర్లేదు, ఎవరూ నిద్ర లేవక్కర్లేదు, లోపల గొట్టాల్లో నీళ్ళు గడ్డకడుతూ ఉన్నాయి, కాదు కార్డెల్, అన్నాను, మా ఆయన కోటు కప్పాడు, మా ఆయనకి బాగోలేదు, చాలా నెలలుగా బాగోలేదు, గుర్తుండటం లేదు, ఈ మాట ఎవరితోనూ అనలేదు, నీతోనే అంటున్నాను, అన్నాను, యెస్ మేడమ్, అన్నాడు, రేపు వచ్చి దాన్ని చెయ్యందని ఎత్తులో పెడతాలెండి, సర్‌ని లోపలికి తీసుకెళ్ళండి, అన్నాడు.

ఎవరికి బాగోలేదు, అన్నాడు హాలిస్, నా పక్కనే ఉన్నాడు కదా, చెవులు బాగానే ఉన్నాయి కదా, ఆ చెవులకి వినపడకూడదనే కదా ఇన్నాళ్ళూ, అబద్ధం వెతికాను, ఒక్కటీ దొరకలేదు, నీకే హాలిస్, అన్నాను, అతను పంపు వైపు చూశాడు, నాకు తెలుసు పిల్లా, అన్నాడు, గాలిలో సరిగ్గా విన్నానో లేదో అని మొహంలోకి చూశాను, ఆ క్షణంలో హాలిసే ఉన్నాడు, పూర్తిగా, ఇసుక లారీ హాలిస్, నాకు తెలుసు, రోజూ కొంచెం కొంచెం పోతోంది, పోతుంటే తెలుస్తుంది, పోయాక తెలీదు, అన్నాడు, మరి నాకు చెప్పలేదేం, అన్నాను, చెబుదామని చాలాసార్లు నోరు తెరిచా, నువ్వు నా మాట నువ్వే పూర్తి చేసేస్తావుగా, అన్నాడు, కోపంతో అనలేదు, వేళాకోళంగా అన్నాడు, నా చెంప మీద చేయి పెట్టాడు, ఆ బొబ్బల మచ్చలున్న చేయి, నువ్వు భయపడుతున్నావని ఊరుకున్నా, అన్నాడు, ఆ మాట తర్వాత మళ్ళీ పూల్ వైపు చూసి, అదిగో కదిలింది, ఎవరు వేశారు పంపు, అని అడిగాడు, నేను ఏదీ పూర్తి చెయ్యలేదు, నిలబడి విన్నాను, అతనికి తెలియదు అదొక్కటే దయ అనుకున్నాను, అతనికి తెలుసు, ప్రతిరోజూ తెలుసు, చేపల హోటల్లో గోడ పక్కన కూర్చుని బెండకాయ తింటూ తెలుసు, చెప్పుకోవడానికి మనిషి లేడు, పక్కనే నేనున్నాను, నేనే ఆ నోటికి అడ్డుగా ఉన్నాను, అందరి దగ్గరా దాచి అతన్ని కాపాడుతున్నానని అనుకున్నాను, అందరినీ వెచ్చగా ఉంచి అతన్నొక్కణ్ణే ఆ చలిలో వదిలేశాను, జెరిలిన్‌కి ఫోన్ చేసి రమ్మంటాను, వచ్చాక అతని మాట అతన్నే చెప్పనివ్వాలి, ఎంతసేపు ఆగినా సరే.